ఇంట్లో చదువు మొదలుపెట్టే ముందు: టీసీ నుంచి ఓపెన్ స్కూల్ దాకా

మా మనవరాలు మూడో తరగతి మధ్యలో బడి మానేసింది. ఈ మాట రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి ఆడదు. ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ బళ్లలో పాఠాలు చెప్పాను, చివరి తొమ్మిదేళ్లు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాను. ఏటా జూన్‌లో బడిబాట అని ఇల్లిల్లూ తిరిగి, పత్తి చేలల్లో ఉన్న పిల్లల్ని, మేకల వెంట తిరిగే పిల్లల్ని బతిమాలి తెచ్చి బడిలో కూర్చోబెట్టాను. అలాంటి వాడి ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్ల బడికి పోకుండా ఉంటే ఊళ్లో వాళ్లు అడగకుండా ఉంటారా?

చిన్నికి నత్తి ఉంది. క్లాసులో లేచి చదవమంటారు, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది, పిల్లలు నవ్వుతారు. ఒకట్రెండు సార్లు టీచరు కూడా ఆమెలాగే పలికి చూపించారు. దసరా సెలవుల తర్వాత పిల్ల బడిలో నోరు విప్పడమే మానేసింది. సంక్రాంతికల్లా ఇంట్లోనూ మాటలు తగ్గాయి. పొద్దున్నే కడుపునొప్పి అనేది. అబద్ధమేమో అనుకున్నాం. కాదు. ఆదివారం మాత్రం ఆ నొప్పి వచ్చేది కాదు, అంతే. మా అబ్బాయి, కోడలు ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు. "నాన్నా, నువ్వుండగా ఎందుకు భయం, ఇంట్లోనే చెప్పు" అన్నారు. అలా మొదలైంది. ఇప్పటికి మూడేళ్లు.

ఈ మూడేళ్లలో చాలామంది తల్లిదండ్రులు వచ్చి అడిగారు. మేమూ ఇలా చేయొచ్చా మాస్టారూ, కేసులేమైనా పెడతారా, రేపు పదో తరగతి ఎలా రాస్తారు అని. వాళ్లకు చెప్పిందే ఇక్కడ వరసగా రాస్తున్నాను. నేను లాయరుని కాను. విద్యాహక్కు చట్టం వచ్చిన రోజుల్లో దాన్ని బడిలో అమలు చేసినవాణ్ణి. ఆ అనుభవంతో చెప్పే మాటలివి.

చట్టం ఏమంటుంది

మన దేశంలో హోమ్‌స్కూలింగ్‌కంటూ ప్రత్యేకమైన చట్టం ఏదీ లేదు. చేసుకోండి అని విడిగా రాసినదీ లేదు, చేస్తే నేరం అని రాసినదీ లేదు. ఉన్నది విద్యాహక్కు చట్టం. 2002లో 86వ రాజ్యాంగ సవరణతో 21-ఎ అధికరణ వచ్చింది. దాన్ని అమలు చేయడానికి 2009లో ఈ చట్టం చేశారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా ఉన్న పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్య అని అందరికీ తెలుసు. ఆ 'నిర్బంధ' అన్న మాట చూసే తల్లిదండ్రులకు టెన్షన్ పట్టుకుంటుంది.

చట్టాన్ని నిదానంగా చదివితే, ఆ నిర్బంధం భారమంతా దాదాపుగా ప్రభుత్వం మీదే పెట్టారు. బడి కట్టాలి, టీచర్లను ఇవ్వాలి, పిల్లవాడిని చేర్చుకోవాలి, ఎనిమిదో తరగతి దాకా చదివించాలి. తల్లిదండ్రుల గురించి 10వ సెక్షన్ ఒక్కటే ఉంది. పిల్లల్ని దగ్గరలోని బడిలో చేర్పించడం ప్రతి తల్లి, తండ్రి, సంరక్షకుల విధి అంటుంది. ఆ విధి పాటించకపోతే ఏమిటి అని వెతికితే, తల్లిదండ్రులకు జరిమానా గానీ జైలు గానీ ఆ చట్టంలో ఎక్కడా పెట్టలేదు. రాజ్యాంగంలోని 51-ఎ అధికరణ ప్రాథమిక విధుల్లోనూ తల్లిదండ్రుల బాధ్యత ఒకటి ఉంది. అందులో బడి అన్న మాట లేదు. పిల్లలకు విద్యావకాశాలు కల్పించాలి అని మాత్రమే ఉంది.

కాబట్టి నా మాట ఇది. భయపడాల్సిన పని లేదు. అలాగని 10వ సెక్షన్ లేనట్టు ప్రవర్తించడమూ మంచిది కాదు. పిల్ల నిజంగా చదువుకుంటోందని ఎవరు అడిగినా చూపించగలగాలి. కావాలనుకున్న రోజున తిరిగి బడికి వెళ్లే దారి తెరిచి ఉంచాలి. ఈ రెండూ ఉంటే మీరు ధైర్యంగా ఉండొచ్చు. ఇంట్లో చదివించుకోవడానికి ఏ ఆఫీసులోనూ రిజిస్ట్రేషన్ లేదు, లైసెన్స్ లేదు, ముందస్తు అనుమతి లేదు. డబ్బులిస్తే హోమ్‌స్కూల్ పర్మిషన్ తెప్పిస్తాం అని ఎవరైనా అంటే నమ్మకండి.

దాటకూడని గీతలు మాత్రం ఉన్నాయి. మొదటిది, మీ పిల్లకు మీరు చెప్పుకోవడం వేరు, వీధిలో పదిమంది పిల్లల్ని పోగుచేసి పొద్దున్నుంచి సాయంత్రం దాకా బడిలా నడపడం వేరు. గుర్తింపు లేకుండా బడి నడిపితే 18వ సెక్షన్ కింద లక్ష రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాత కూడా ఆపకపోతే రోజుకు పదివేలు. నాకు చదువు చెప్పడం వచ్చు కదా అని మా వీధిలో ఇద్దరు తమ పిల్లల్నీ పంపుతామన్నారు. సాయంత్రం ట్యూషన్‌కు పంపండి, బడి మాన్పించొద్దు అన్నాను.

రెండోది పని. బడి లేదు కదా అని పిల్లవాణ్ణి కొట్లో కూర్చోబెట్టడం, పొలానికి తీసుకెళ్లడం మొదలైతే అది ఇంటి చదువు కాదు, బాలకార్మిక చట్టం పరిధిలోకి వస్తుంది. 2016 సవరణ తర్వాత పద్నాలుగేళ్లలోపు పిల్లలు సొంత కుటుంబం పనిలో సాయం చేయొచ్చు. అదీ ప్రమాదం లేని పనైతేనే, బడి వేళల తర్వాత, సెలవుల్లోనే. ఇంటి చదువుకు బడి వేళ ఏది అని వాదించకండి. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా పిల్ల చేతిలో ఇంటి వ్యాపారానికి సంబంధించిన పని ఏదీ పెట్టవద్దు. ఈ విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. ఎన్ని ఇళ్లలో 'ఇంట్లో చదువుతున్నాడు' అన్న మాట వెనక పని చేసే పిల్లవాణ్ణి చూశానో నాకు తెలుసు.

తీవ్ర వైకల్యం లేదా ఒకటికి మించి వైకల్యాలు ఉన్న పిల్లల సంగతి వేరు. 2012 సవరణతో వాళ్లకు ఇంటి ఆధారిత విద్య ఎంచుకునే హక్కును చట్టంలోనే రాశారు. అలాంటి పిల్లల పేరు బడి రిజిస్టర్లో ఉంచి, ఇంటికే వచ్చి చెప్పే ఏర్పాటు సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడి చదువుల పథకం కింద ఉంటుంది. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలో అడగండి. ఆ పిల్లల తల్లిదండ్రులు బడి మాన్పించే తొందరలో ఈ సాయాన్ని పోగొట్టుకోకూడదు.

అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉన్నవాళ్లకు ఇవేవీ వర్తించవు. అక్కడ చట్టం స్పష్టంగానే ఉంటుంది, కాకపోతే చోటుకో రకం. టెక్సస్‌లో ఎవరికీ తెలియజేయాల్సిన పని లేదు. న్యూయార్క్‌లో ఉద్దేశ లేఖ, ఏడాది బోధన ప్రణాళిక, మూడు నెలలకో రిపోర్టు ఇవ్వాలి. జర్మనీలో బడికి పంపడం తప్పనిసరి, ఇంటి చదువుకు దాదాపుగా చోటే లేదు. ఉన్న ఊరి నిబంధనలు చదివాకే అడుగు వేయండి.

టీసీ దగ్గర తొందర వద్దు

చాలామంది చేసే పొరపాటు, కోపంతో ఒకరోజు పంపడం మానేసి ఊరుకోవడం. బడి వాళ్లు కొన్నాళ్లు చూసి పేరు తీసేస్తారు. రెండేళ్ల తర్వాత టీసీ కోసం వెళ్తే ఫీజు బాకీ అంటారు, రికార్డు దొరకలేదంటారు. మా విషయంలోనూ మొత్తం ఏడాది ఫీజు కడితేనే టీసీ అన్నారు. నేను గొడవ పెట్టుకోలేదు. దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, దాని నకలు మీద అందినట్టు సంతకం, ముద్ర తీసుకున్నాను. పదిహేను రోజుల్లో టీసీ చేతికొచ్చింది. నోటిమాటగా అడిగితే నెలలు పడుతుంది, కాగితం ఇస్తే కదులుతుంది.

ఆ దరఖాస్తు మీద నేను సంతకం పెట్టబోతే క్లర్కు ఆపాడు. అతను చెప్పింది నిజమే. తాతకు ఆ అధికారం లేదు. చదువు చెప్పేది ఎవరైనా సరే, ప్రతి కాగితం మీద సంతకం తల్లిదో తండ్రిదో, చట్టబద్ధమైన సంరక్షకులదో ఉండాలి. మా కోడలు ఒక పూట సెలవు పెట్టి వచ్చింది.

టీసీ చేతికి రాగానే సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చేయకండి. అక్కడే నిలబడి ఒక్కో గడీ చదవండి. పేరు, ఇంటిపేరు ఆధార్‌లో ఉన్న స్పెల్లింగుతోనే ఉందా? పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఒకటే ఉందా, బర్త్ సర్టిఫికెట్‌తో సరిపోతోందా? పుట్టుమచ్చలు రాశారా? మానేసిన కారణం దగ్గర 'తల్లిదండ్రుల కోరికపై' అని రాయించుకోండి, అది చాలు. హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు పుట్టిన తేదీలో ఒక్క అంకె తేడాతో ఆఫీసుల చుట్టూ తిరిగిన పిల్లల్ని ఎంతమందినో చూశాను. పదో తరగతి సర్టిఫికెట్ వచ్చాక ఆ తప్పు దిద్దించడం మహా కష్టం. మూడో తరగతి టీసీలో దిద్దించడం ఐదు నిమిషాల పని.

ఇప్పటి బళ్లలో ప్రతి పిల్లకూ యూడైస్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో (బళ్ల, పిల్లల వివరాలు నమోదయ్యే చోటు) పెన్ అనే శాశ్వత నంబరు ఉంటుంది. ఆ నంబరు తప్పకుండా రాయించుకోండి. పిల్ల బడి వదిలాక ఆమె పేరు ఆ పోర్టల్‌లో డ్రాప్‌బాక్స్ అనే చోటికి వెళ్తుంది. రేపు ఏ బడిలో చేర్చినా వాళ్లు అక్కడి నుంచి ఆ నంబరుతోనే తీసుకుంటారు. నంబరు మీ దగ్గర ఉంటే పని సులువు.

టీసీతో పాటు చివరి ప్రోగ్రెస్ కార్డు, స్టడీ సర్టిఫికెట్, ఒకటో తరగతి నుంచి చదివిన ప్రతి బడి నుంచీ తీసుకోండి. ఎందుకో కింద లోకల్ సంగతిలో చెబుతాను.

ఇక్కడ ఒక మాట. కొందరు డమ్మీ అడ్మిషన్ సలహా ఇస్తారు. ఏదో ప్రైవేటు బడిలో పేరు ఉంచి, వాళ్లే హాజరు వేస్తుంటే, పిల్ల ఇంట్లో చదువుకుంటుంది, ఏడాది చివర సర్టిఫికెట్ వస్తుంది అని. నేను ఒప్పుకోను. అది దొంగ హాజరు. బడికి రాని పిల్లకు రిజిస్టర్లో హాజరు వేయడం ఎంత తప్పో హెడ్మాస్టరుగా తొమ్మిదేళ్లు నేను ఉపాధ్యాయులకు చెప్పాను. 2024 మార్చిలో సీబీఎస్ఈ ఇరవై బళ్ల గుర్తింపు రద్దు చేసింది, వాటి మీద వచ్చిన ఆరోపణల్లో డమ్మీ విద్యార్థుల విషయం ఉంది. బడి గుర్తింపు పోతే పిల్ల కాగితాలు ఏమవుతాయి? పిల్లకు మనం నేర్పే మొదటి పాఠమే అబద్ధం కాకూడదు.

ఇంకో నష్టం ముందే లెక్కవేసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో తల్లి ఖాతాలో డబ్బు వేసే తల్లికి వందనం లాంటి పథకాలు బడిలో పేరు, హాజరు ఉంటేనే వస్తాయి. మధ్యాహ్న భోజనం, యూనిఫాం, ఉచిత పుస్తకాలు కూడా అంతే. ఆ డబ్బు మీద ఇల్లు ఆధారపడి ఉంటే, ఇంట్లో కూర్చుని చెప్పే మనిషి లేకపోతే, బడి మార్చడమే మేలని నేను చాలామందికి చెప్పాను. కొందరు మార్చారు కూడా. ఆ పిల్లలు బాగున్నారు.

ఎవరైనా వచ్చి అడిగితే

తప్పకుండా వస్తారు. బడి బయట పిల్లల సర్వే ఏటా జరుగుతుంది. కొన్ని బళ్లకు కలిపి ఉండే సీఆర్‌పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) రావచ్చు, అంగన్‌వాడీ టీచరు రావచ్చు, దగ్గరి ప్రభుత్వ బడి మాస్టారు రావచ్చు. మా ఇంటికి వచ్చిన కుర్రాడు నా దగ్గర చదివినవాడే. "మాస్టారూ, మీ ఇంట్లోనే డ్రాపవుట్ అని రాయాలా?" అని ఇబ్బంది పడ్డాడు. రాయి నాయనా, నీ డ్యూటీ నువ్వు చెయ్యి, రిమార్కులో ఇంటి దగ్గర చదువుతోంది అని కూడా రాయి అన్నాను. చిన్ని నోటుపుస్తకాలు తెచ్చి చూపించాను. అతను అరగంట కూర్చుని చూశాడు.

వాళ్లతో వాదనకు దిగకండి. తలుపు వేసుకోకండి. ఒక పిల్ల బడికి రాకపోతే ఎవరూ వచ్చి అడగని ఊరు ఎలా ఉంటుందో నేను చూశాను, అడిగే ఊరే మంచిది. కూర్చోబెట్టి, పిల్ల పని చూపించి, మర్యాదగా సమాధానం చెప్పండి.

ఆ మర్నాడు మండల విద్యాధికారికి ఒక పేజీ ఉత్తరం ఇచ్చాం. ఇది చట్టం అడిగింది కాదు, నా సొంత జాగ్రత్త. అందులో పిల్ల పేరు, పుట్టిన తేదీ, చివరగా చదివిన బడి, టీసీ నంబరు, ఫలానా తేదీ నుంచి ఇంటి దగ్గర చదివిస్తున్నాం, ఏ పుస్తకాలు వాడుతున్నాం, ఎవరు చెబుతున్నారు, ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు అని రాశాం. కింద అమ్మానాన్నల సంతకాలు. అనుమతి ఇవ్వమని అడగలేదు, తెలియజేస్తున్నాం అని మాత్రమే. అనుమతి అడిగితే, ఇచ్చే అధికారం తనకు లేదు కాబట్టి ఆయన కుదరదనే అంటారు. తెలియజేస్తే తీసుకుని ఫైల్లో పెడతారు. నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకున్నాం. ఆ తర్వాత రెండుసార్లు సర్వేకు వచ్చారు. ఆ కాగితం చూపిస్తే సరిపోయింది.

లోకల్ సంగతి మరవకండి

మన రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. వేరే రాష్ట్రాల హోమ్‌స్కూల్ తల్లిదండ్రులకు ఈ తలనొప్పి ఉండదు కాబట్టి వాళ్లు చెప్పరు.

371-డి అధికరణ కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల వల్ల కాలేజీ సీట్లకూ ఉద్యోగాలకూ లోకల్, నాన్‌లోకల్ అన్న లెక్క ఉంది. ఆ లెక్కకు మామూలుగా చూసేది స్టడీ సర్టిఫికెట్లు. 1974 నాటి అడ్మిషన్ల ఉత్తర్వుల ప్రకారం అర్హత పరీక్ష రాసిన ఏడాదితో కలిపి వరసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. తెలంగాణ ఉద్యోగాలకు 2018 ఉత్తర్వుల్లో ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివారన్నది చూస్తారు. మరి బడికే పోని పిల్ల సంగతి? అలాంటి వాళ్లకు నివాసం లెక్కలోకి తీసుకుంటారు. అంటే ఆ ఏళ్లలో ఎక్కడ ఉన్నారో తహసీల్దారు ఇచ్చే నివాస ధృవీకరణ పత్రం కావాలి.

పదేళ్ల తర్వాత వెళ్లి, 2022లో మేం ఈ ఇంట్లోనే ఉన్నాం అంటే తహసీల్దారు ఆఫీసులో ఎలా నమ్ముతారు? అందుకే ఇప్పుడే పోగుచేయండి. పిల్ల పేరున్న రేషన్ కార్డు, అదే చిరునామాతో ఆధార్, ఏడాదికొకటి చొప్పున కరెంటు బిల్లు లేదా ఇంటి పన్ను రసీదు, అద్దె ఇల్లయితే అగ్రిమెంటు, టీకాల కార్డు. ఒక ఫైల్లో ఏడాదివారీగా పెట్టుకుంటే చాలు. ఇల్లు మారితే మారిన తేదీ రాసిపెట్టుకోండి. నిబంధనలు మధ్యలో మారుతుంటాయి కాబట్టి పిల్ల పదో తరగతికి వచ్చే ముందు ఆ ఏటి ఉత్తర్వులు మరోసారి చూసుకోండి.

మొదటి నెలలు

మొదటి వారం నేనొక తప్పు చేశాను. ముందు గదిలో బల్ల వేసి, నల్లబోర్డు తగిలించి, తొమ్మిదింటికి గంట కొట్టినట్టు కూర్చోబెట్టాను. మూడో రోజుకు చిన్నికి మళ్లీ కడుపునొప్పి. మా ఆవిడ అంది, "బడి మాన్పించి మళ్లీ బడే పెట్టారేం?" బోర్డు తీసేశాను.

బడి నుంచి నలిగి వచ్చిన పిల్లకు ముందు విశ్రాంతి కావాలి. ఈ దారిలో ముందు నడిచినవాళ్లు, బడిలో గడిపిన ఒక్కో ఏడాదికి ఒక్కో నెల ఖాళీగా ఉండనివ్వండి అంటారు. మేం రెండు నెలలు పాఠ్యపుస్తకం తెరవలేదు. తోటలో మొక్కలు, వంటింట్లో కొలతలు, రాత్రిళ్లు కథలు. నేను చదివేవాణ్ణి, పిల్ల వినేది. తర్వాత ఇద్దరం కలిసి ఒకే గొంతుతో చదవడం మొదలుపెట్టాం. నత్తి ఉన్న పిల్లలు ఇంకొకరితో కలిసి చదివితే చాలావరకు తడబడరు, పాట పాడినా తడబడరు. ఇది స్పీచ్ థెరపిస్టు చెప్పాక తెలిసింది. ముప్పై ఒక్క ఏళ్లు టీచరుగా ఉండి కూడా నాకు తెలియదు. నా క్లాసుల్లో నత్తి ఉన్న పిల్లలు లేరా? ఉన్నారు. వాళ్లను లేచి చదవమన్నాను. ఆ బాధ నాకు పోదు.

శతక పద్యాలు రాగంతో పాడుకుంటూ పోయాం. నాలుగో నెలలో ఒకరోజు నేను గొంతు తగ్గిస్తూ వచ్చి ఆపేశాను. పిల్ల గమనించలేదు. పద్యం పూర్తిచేసింది.

ఎంతసేపు చెప్పాలి అని అందరూ అడుగుతారు. బడిలో ఏడు గంటలు కదా, ఇంట్లోనూ అంతే అనుకుంటారు. నలభై మంది పిల్లల క్లాసులో నలభై నిమిషాల పీరియడ్ ఉంటే, ఒక్కొక్కరికీ వచ్చేది ఒక్క నిమిషం. అసెంబ్లీ, హాజరు, నిశ్శబ్దం అని అరవడం అన్నీ పోగా అదీ రాదు. ఒక్క పిల్ల ఎదురుగా కూర్చుంటే ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసుకు రోజుకు రెండు గంటలు ధారాళంగా సరిపోతాయి. ఒక గంట చదవడం, రాయడం. ముప్పావు గంట లెక్కలు. మిగిలిన కాస్త సేపు ఆ రోజు పిల్ల అడిగిన ప్రశ్న. మిగతా పూటంతా ఆటకు, బొమ్మలకు వదిలేయండి. పన్నెండేళ్లు వచ్చేసరికి మూడున్నర గంటలు అవుతుంది.

పుస్తకాల కోసం వేలు పోయకండి. రెండు రాష్ట్రాల ఎస్సీఈఆర్టీ పుస్తకాలు, ఎన్సీఈఆర్టీ పుస్తకాలు పీడీఎఫ్‌లుగా ఉచితంగా దొరుకుతాయి. ప్రభుత్వం నడిపే దీక్ష యాప్‌లో వీడియో పాఠాలున్నాయి. ఇంటి చదువుకు రాష్ట్ర సిలబస్ తప్పనిసరి అని ఎవరూ అనలేదు. అయినా లెక్కలు, తెలుగు, ఇంగ్లిష్ మూడింటిలో ఆ వయసు పిల్లల తరగతి పుస్తకం పక్కన పెట్టుకుని నడవండి. మధ్యలో బడికి వెళ్లాలనుకుంటే లోటు తెలియదు. సైన్సు, సోషల్ మీ ఇష్టం వచ్చిన వరసలో చెప్పుకోండి.

ఇక రికార్డు. ఇదీ చట్టం అడగదు. కానీ సర్వేకు వచ్చినవాళ్ల ముందు, రేపు చేర్చుకునే హెడ్మాస్టరు ముందు, అన్నిటికన్నా దిగులుపడే తల్లిదండ్రుల ముందు మాట్లాడేది ఇదే. ఒక లాంగ్ నోట్‌బుక్కులో రోజుకు మూడు వాక్యాలు రాస్తాను: ఏం చదివాం, ఏం రాలేదు, ఏం అడిగింది. నెలాఖరున ఆ నెల పనిలోంచి నాలుగు కాగితాలు ఫైల్లో పెడతాను. ఒక చేతిరాత పేజీ, ఒక లెక్కల పేజీ, ఒక బొమ్మ, చదివిన కథల జాబితా. బాగున్నవి మాత్రమే ఏరకండి, తప్పులున్నవీ పెట్టండి. జూన్ నాటి చేతిరాత పక్కన డిసెంబరు చేతిరాత పెట్టి చూసినప్పుడు మా కోడలికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

తోటి పిల్లల సంగతి బంధువులందరూ అడుగుతారు. అడగాల్సిందే. ఇంట్లో తాతతో రోజంతా ఉంటే చాలదు. చిన్ని సాయంత్రం ఈతకు వెళ్తుంది, వారానికి రెండుసార్లు కోలాటం నేర్చుకుంటుంది. మొదట్లో వీధి పిల్లలు నీకు బడి లేదా అని వెక్కిరించారు. ఏం చెప్పాలో ముందే ఇంట్లో అనుకున్నాం. "మా తాతే మా మాస్టారు" అంటుంది. ఆ వాక్యంలో ఆమెకు కష్టమైన అక్షరం ఒక్కటీ రాకుండా తనే ఏరుకుంది.

తిరిగి బడికి, లేదా ఓపెన్ స్కూలుకు

పద్నాలుగేళ్ల లోపు ఎప్పుడైనా బడికి వెళ్లొచ్చు. విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం బడి బయట ఉన్న పిల్లను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడి ఉంటే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పదకొండేళ్ల పిల్లను మళ్లీ మూడో తరగతిలో కూర్చోబెట్టడానికి లేదు. టీసీ ఆలస్యమైందనో, పుట్టిన తేదీ కాగితం లేదనో చేర్చుకోకుండా ఉండడానికీ లేదు. ప్రభుత్వ బడికి వెళ్తే ఇది సాఫీగా జరిగిపోతుంది. నేనే ఎంతోమందిని అలా చేర్చుకున్నాను. కొన్ని ప్రైవేటు బళ్లు మాత్రం కాగితాలు గట్టిగా అడుగుతాయి. అప్పుడే ఆ టీసీ, పెన్ నంబరు పనికొస్తాయి. తొమ్మిదో తరగతి నుంచి ఈ చట్టం రక్షణ ఉండదు కాబట్టి, బడికి తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే ఎనిమిదో తరగతి వయసులోపే తేల్చుకోండి.

బడికి వెళ్లకుండానే పదో తరగతి రాయాలంటే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అదే ఎన్ఐఓఎస్ ఉంది. 1989లో పెట్టారు, కేంద్ర ప్రభుత్వానిది. ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ సొంత ఓపెన్ స్కూల్ సొసైటీలున్నాయి, అవీ పది, ఇంటర్ పరీక్షలు పెడతాయి. చిన్న తరగతులకూ ఎన్ఐఓఎస్‌లో ఏ, బీ, సీ అని మూడు స్థాయిలున్నాయి. మూడు, ఐదు, ఎనిమిది తరగతులతో సమానం. గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారా నడుస్తాయి. చిన్న స్థాయిలు రాయడం తప్పనిసరి కాదు.

పదో తరగతికి చేరాలంటే పద్నాలుగేళ్లు నిండాలి. ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ లేకపోయినా, ఈ కోర్సు చదవగలిగినంత చదువుకున్నాను అని స్వీయ ధృవీకరణ ఇస్తే చేర్చుకుంటారు. ఇంటి చదువు పిల్లలకు పెద్ద వెసులుబాటు ఇదే. ఐదు సబ్జెక్టులు ఎంచుకోవాలి. అందులో కనీసం ఒకటి, గరిష్ఠంగా రెండు భాషలు. తెలుగు మాధ్యమంలోనూ రాయొచ్చు. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే నెలల్లో ఒకసారి, అక్టోబరు-నవంబరులో ఒకసారి పరీక్షలుంటాయి. రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది, ఆ ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు. అన్నీ ఒక్కసారే రాయక్కర్లేదు, రెండు సబ్జెక్టులు ఇప్పుడు, మూడు తర్వాత అయినా సరే. పాస్ మార్కు 33 శాతం. టీఎంఏ అని ఇంటి దగ్గర రాసి ఇచ్చే అసైన్‌మెంట్లకు 20 శాతం వెయిటేజీ ఉంటుంది, వాటిని నిర్లక్ష్యం చేసేవాళ్లే ఎక్కువ. పదికీ పన్నెండుకీ మధ్య రెండేళ్ల ఎడం ఉండాలన్నది ముందే లెక్కలో పెట్టుకోండి.

ఓపెన్ స్కూల్ సర్టిఫికెట్ చెల్లదంటారు కొందరు. చెల్లుతుంది. ఓపెన్ స్కూల్ వాళ్లు నీట్ రాయకూడదని 2018లో నిబంధన పెడితే ఆ ఏడాదే ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. అయినా ఏ కోర్సుకు వెళ్లాలనుకుంటున్నారో దాని ప్రవేశ నిబంధనల్లో ఏ సబ్జెక్టులు అడుగుతున్నారో చూసుకుని, దాని ప్రకారమే ఇక్కడ సబ్జెక్టులు ఎంచుకోండి. పదిలో లెక్కలు వదిలేసి తర్వాత పాలిటెక్నిక్ అంటే కుదరదు.

చిన్నికి ఇప్పుడు పదకొండేళ్లు. ప్రతి మే నెలలో ముగ్గురు పెద్దలం కూర్చుని ఆమెను అడుగుతాం, ఈ జూన్‌లో బడికి వెళ్తావా, ఇంట్లోనే చదువుతావా అని. రెండేళ్లు తల అడ్డంగా ఊపింది. ఈసారి వెంటనే చెప్పలేదు. మా ఇంటికి దగ్గర్లోని ప్రభుత్వ హైస్కూలు పేరు చెప్పి, "అక్కడ ఆరో తరగతిలో లేచి చదవమంటారా తాతా?" అంది. ఒకసారి తడబడింది, ఆగింది, పూర్తిగా అడిగింది. రేపు వెళ్లి అక్కడి హెడ్మాస్టరునే అడుగుదాం అన్నాను. ఫైలు కూడా తీసుకెళ్తున్నాం.